లాంగి దూకిన వేళ

సాలేవై అనే దీవి ఊళ్లో సాయంత్రం గంట కొట్టేది తనియేలు. గంట అంటే ఖాళీ అయిపోయిన పాత గ్యాస్ సిలిండరు. సీమపనస చెట్టు కొమ్మకు గొలుసుతో వేలాడుతూ ఉంటుంది. ఇనప కడ్డీతో దాని మీద కొడితే ఆ మోత ఇటు చేమ తోటల దాకా, అటు అలలు విరిగే పగడపు దిబ్బ దాకా వినిపిస్తుంది. మొదటి మోతకు అందరూ ఇళ్లకు చేరాలి. రెండో మోతకు ఇంటింటా ప్రార్థన మొదలు. ఆ వేళను సా అంటారు. సా జరుగుతున్నంతసేపూ దారి మీద ఎవరూ తిరగకూడదు. కుర్రకారు నడుముకు లవాలవా అనే చుట్టుబట్టలు బిగించుకుని రోడ్డు పక్కన కాపలా నిలబడతారు. వాళ్లు చెయ్యెత్తితే బస్సైనా సరే ఆగాల్సిందే. మూడో మోత వినిపించాక గాని ఊరు మళ్లీ కదలదు.

తనియేలుకు ముందు ఆయన తండ్రి కొట్టేవాడు. తండ్రిని పూడ్చిపెట్టిన రోజు సాయంత్రం కూడా తనియేలు కళ్లు తుడుచుకుని వెళ్లి కొట్టి వచ్చాడు. ఆయనకు పెద్దరికపు బిరుదు లేదు. సభలో స్తంభానికి ఆనుకుని కూర్చునే హక్కు లేదు. ఊళ్లో ఆయనకున్న గౌరవమంతా ఆ కడ్డీయే. ఇప్పుడు ఆ కడ్డీ ఒక కార్టూను పిల్ల వల్ల చేజారిపోయేలా ఉంది.

ఆ పిల్ల పేరు లాంగి. వయసు పదిహేను. నక్షత్రాల అవతలి నుంచి వచ్చి సముద్రంలో కూలిన ఒక ఓడను ముట్టుకున్నప్పటి నుంచి దానికి ఎక్కడ లేని బలం వచ్చింది. బస్సును ఒంటి చేత్తో ఎత్తుతుంది, కొండ మీంచి కొండ మీదికి దూకుతుంది, కోపం వస్తే అరచేతుల్లోంచి నిప్పురవ్వలు రాలతాయి. ఇదంతా టీవీలో శనివారం శనివారం వస్తుంది. గీసేది తనియేలు కూతురు పెనీనా. అపియా పట్నంలో ఒక కొట్టు మేడ మీద ఇద్దరు స్నేహితులతో కలిసి గీస్తుంది, వారాంతానికి ఇంటికి వస్తుంది.

ఊరు ఎలా ఉండాలో ఊహించుకునే శ్రమ పెనీనా పెట్టుకోలేదు. సాలేవైనే దించేసింది. లాంగి ఉండే ఇంటికి నీలం స్తంభాలు, తనియేలు ఇంటికి ఉన్నట్టే. ఆ ఇంటి ముందు సీమపనస చెట్టు, చెట్టుకు సిలిండరు. లాంగి అమ్మమ్మ కొబ్బరిపాలు పోసి చేమాకులు చుట్టే తీరు చూసి తనియేలు భార్య లూపే నోరు వెళ్లబెట్టింది, అచ్చం తన చేతులే. మొదట్లో ఊరంతా మురిసిపోయింది. ఎవరి పంది ఎక్కడ కనబడిందో లెక్క చెప్పుకునేవారు.

మూడో కథతో చిక్కొచ్చింది. అందులో సరిగ్గా పొద్దుగూకే వేళ సముద్రంలోంచి కొండంత ఇనప పీత ఒడ్డుకెక్కింది. దాన్ని ఆపడానికి లాంగి ఇంట్లోంచి పరుగెత్తి, రోడ్డు దాటి, పక్కింటి కప్పు మీంచి గాల్లోకి దూకింది. ఆ పక్కిల్లు సెఫోది. తనియేలు లాగే సెఫో కూడా చర్చిలో పరిచారకుడే, గొంతు పెద్దది. గంట తనకు రావాల్సిందని ఆయన చాలా ఏళ్లుగా అనుకుంటున్నాడు. మర్నాడే పెద్దల దగ్గరికి వెళ్లి ఫిర్యాదు పెట్టాడు. సా వేళ ఒక పిల్ల ఊళ్లో పరుగులు తీసింది, అది చాలదన్నట్టు పెద్దవాళ్ల నెత్తి మీంచి దూకింది. ఆ పిల్ల ఎవరింట్లో ఉంటోంది? నీలం స్తంభాల ఇంట్లో. ఎవరి తిండి తింటోంది? లూపే తిండి. పిల్ల తప్పుకు ఇంటివాళ్లే కదా జవాబుదారీ. సొంత ఇంట్లో పిల్లను కూర్చోబెట్టలేనివాడు ఊరిని ఏం కూర్చోబెడతాడు?

దీన్ని తోసిపుచ్చడం ఎవరికీ చేతకాలేదు. బొమ్మ కదా అని తనియేలు గొణిగితే, బొమ్మైతే మరి మొన్న టీవీలో నీ పంది వచ్చిందని ఎందుకు ఎగిరావయ్యా అని సెఫో అడిగాడు.

ఊరి పెద్ద మౌగాతై నిదానస్తుడు. చూడకుండా తీర్పు చెప్పడం తగదని, సోమవారం మధ్యాహ్నం సభలో ఆ కథను మళ్లీ వేసి చూడాలని అన్నాడు. పెనీనా పట్నం పని మానుకుని, తను గీసిన కథలున్న టీవీ ఒకటి పట్టుకుని వచ్చింది. బస్సు దిగి తండ్రిని చూడగానే ఆమె ముఖం చిన్నబోయింది.

"నాన్నా, గంట తీసేసుకుంటారా నీ దగ్గర్నుంచి?"

"పెద్దలు ఏమంటే అదే తల్లీ. నువ్వు దిగులు పెట్టుకోకు. ఆ పీతను కాస్త పొద్దున్నే రప్పించి ఉంటే పోయేది."

పెనీనా నవ్వలేదు. తనియేలు కూడా నవ్వించడానికి అన్న మాట కాదది. రాత్రంతా పడుకుని ఆయన ఆలోచించింది కూడా అదే. పీత నిజంగా వస్తే దేవుడు ఏం చెయ్యమంటాడు, కూర్చోమంటాడా, లెమ్మంటాడా? పాస్టరు గారిని అడుగుదామనుకున్నాడు గాని, ఇనప పీత సంగతి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఊరుకున్నాడు.

సభా మందిరానికి గోడలుండవు, చుట్టూ స్తంభాలే. ఒక్కో స్తంభానికి ఒక్కో పెద్ద ఆనుకుని కూర్చున్నాడు. ముందు ఆవా వేరుతో చేసే పానకం కలిపి వరస ప్రకారం అందించారు. ఆ తర్వాత ఊరి వక్త లేచాడు. ఎవరి మీద విచారణ జరిగినా ముందు ఆ మనిషి వంశాన్ని, ఊరిని, పూర్వుల బిరుదుల్ని పేరుపేరునా తలచుకోవడం మర్యాద. లాంగి వంశం ఏమిటని ఆయన పెనీనాను అడిగాడు. తల్లి సాలేవై మనిషని, తండ్రి మాత్రం నక్షత్రాల అవతలివాడని ఆమె నసిగింది. వక్త ఏమాత్రం తొణకలేదు. నక్షత్రాల అవతలి పెద్దలకు, వాళ్ల సభా మందిరాలకు, వాళ్ల పడవలకు, వాళ్ల కన్నెపిల్లలకు పొడుగాటి వందనం చెప్పాడు. అక్కడి నుంచి జవాబు చెప్పేవాళ్లెవరూ లేరు గనక ఆ పక్షాన కూడా తనే జవాబు చెప్పాడు. ఇదంతా అయ్యేసరికి ఎండ పడమటి స్తంభాల మధ్యకు వాలింది.

అప్పుడు టీవీ పెట్టారు.

మొదట అందరూ విచారణకు కూర్చున్నట్టే బిగుసుకుని కూర్చున్నారు. పీత నీళ్లలోంచి లేవగానే ఒక ముసలాయన, పీత అలా ముందుకు నడవదు, పక్కకు నడుస్తుందని అభ్యంతరం చెప్పాడు. ఇనప పీతకు ఆ నియమం లేదని ఇంకొకాయన. ఇద్దరూ కాసేపు వాదించుకున్నారు. ఇంతలో లాంగి దూకే చోటు వచ్చింది. సెఫో చెయ్యెత్తి ఆపమన్నాడు.

"వెనక్కి పెట్టు తల్లీ. నా ఇంటి కప్పు ఇంకోసారి చూపించు."

తప్పు తేల్చడానికేనని అందరూ అనుకున్నారు. రెండోసారి చూశాక మూడోసారి పెట్టమన్నాడు. నాలుగోసారికి, ఎర్ర రంగు వేశాక ఇల్లు బాగానే ఉంది కదూ అని పక్కాయన్ను అడిగాడు. ఆ మూడు నాలుగు సార్లలో మౌగాతై కంటికి ఇంకొకటి ఆనింది. లాంగి గాల్లో ఎగురుతూనే, కింద కూర్చున్న పెద్దల మీంచి పోయేటప్పుడు నడుం వంచి "తులో" అంది. పెద్దల ముందు నుంచి పోయేవాళ్లు వంగి అనాల్సిన మాట అదే.

"పిల్లకు పెంపకం ఉంది," అన్నాడు మౌగాతై.

కథ అయిపోయింది. దాని వెనకాలే, ఇంకా ప్రసారం కాని తర్వాతి కథ దానంతటదే మొదలైంది. అందులో పీత తల్లి వస్తుంది. దానికీ విచారణకూ సంబంధం లేదు, ఆపమని మాత్రం ఎవరూ అనలేదు. తనియేలు అందరికన్నా వెనక కూర్చున్నాడు. స్తంభాల సందుల్లో వెలుతురు పలచబడటం ఆయనకు తెలుస్తూనే ఉంది. ఒకసారి సగం లేచాడు కూడా. "కూర్చోవయ్యా, అలికిడి చెయ్యకు," అన్నాడు మౌగాతై తల తిప్పకుండానే. అప్పటికి పీత తల్లి చర్చి గోపురాన్ని డెక్కతో పట్టుకుంది. తనియేలు కూర్చున్నాడు. కూర్చున్నాక గోపురం ఏమైందో చూడాలనిపించింది. చూశాడు.

కాపలా కుర్రాళ్లు వచ్చేవేళకు బయట చీకటి పడింది. వాళ్లు రోడ్డు పక్కన గంట కోసం నిలబడి నిలబడి, బస్సుల్ని ఆపాలో వదలాలో తెలియక వదిలేసి, చివరికి పెద్దల్నే అడుగుదామని వచ్చారు. తులో, తులో అంటూ వంగి లోపలికొచ్చి, టీవీ వెలుగులో ఊరి పెద్దలంతా మోకాళ్లు పట్టుకుని ముందుకు ఒంగి కూర్చుని ఉండటం చూశారు. వాళ్లలో పెద్దవాడు మెల్లగా అడిగాడు, ఇవాళ సా లేదా అని.

పెనీనా టీవీ కట్టేసింది. సాలేవై పుట్టాక సా తప్పిపోయిన సాయంత్రం అదే మొదటిదేమో. తుపాను రోజున కూడా తప్పలేదు. పెద్దలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వక్త గొంతు సవరించుకున్నాడు. ఎంత చిక్కులోంచైనా దారి చూపడం ఆయన పని.

"గంట మోగలేదు. గంట మోగనప్పుడు సా మొదలైనట్టు కాదు. మొదలుకాని సాను మనం తప్పినట్టూ కాదు," అన్నాడు.

అందరి వీపులూ మళ్లీ స్తంభాలకు ఆనుకున్నాయి. ఇంత న్యాయమైన మాట ఈ మధ్య వినలేదని ఒకాయన అన్నాడు. సెఫో కూడా తలూపాడు. తలూపుతూనే, గంట కొట్టనివాడి సంగతి మాత్రం తేల్చాలన్నాడు.

తనియేలు తెచ్చుకున్న కడ్డీ పట్టుకుని ముందుకు జరిగాడు. సభలో ఆయన నోరు విప్పింది ఎప్పుడూ లేదు. ఇప్పుడు విప్పకపోతే ఇక ఎప్పుడూ విప్పే పని ఉండదు.

"పెద్దలు క్షమించాలి. లాంగి దూకిన కథలో కూడా గంట మోగలేదండి," అన్నాడు.

మళ్లీ పెట్టి చూశారు. ఈసారి కళ్లు మూసుకుని చెవులతో విన్నారు. పీత అరుపుంది, అలల హోరుంది, కుక్కలున్నాయి. సిలిండరు మోత మాత్రం లేదు. కళ్లు తెరిచి చూస్తే ఎందుకు లేదో కనిపించింది. తెర మూలన, సీమపనస చెట్టు కింద, బొజ్జ ఉన్న ఒక మనిషి కడ్డీ ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంచి, నోరు తెరుచుకుని పీత వైపు చూస్తూ నిలబడి ఉన్నాడు. కడ్డీ సిలిండరుకు జానెడు దూరంలో ఆగిపోయింది.

సభ మొత్తం తెర వైపు చూసింది. తర్వాత తనియేలు వైపు చూసింది. బొజ్జ కూడా సరిపోయింది.

"ఇలా ఎందుకు గీశావమ్మా?" అని అడిగాడు మౌగాతై.

పెనీనా తల దించుకుంది. "కావాలని కాదండీ. రోడ్డు మీద కొత్త బస్సు కనిపించినా నాన్న అలాగే నిలబడిపోతాడు. చేతికి వచ్చింది గీసేశాను."

మొదట నవ్వింది మౌగాతై. పెద్దాయన నవ్వాక మిగిలినవాళ్లకు అడ్డం లేకపోయింది. వక్త కళ్లనీళ్లు తుడుచుకుంటూ, కాపలా కుర్రాళ్లు ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని నవ్వారు. తనియేలు కూడా నవ్వాడు గాని చెయ్యి మాత్రం ఒళ్లో ఉన్న కడ్డీని వదల్లేదు.

తీర్పు చెప్పేసరికి మౌగాతై ముఖం మళ్లీ నిదానంగా మారింది. లాంగిది తప్పు లేదు. పెద్దలది తప్పు లేదు. తప్పంతా తనియేలుదే, బొమ్మలోనూ బయటా. అందుకు ఆదివారం ఆయన పందిని కోసి, కాల్చిన రాళ్ల పొయ్యి మీద వండి సభకు పెట్టాలి. సెఫో ముందుకు జరిగి కడ్డీ కోసం చెయ్యి చాపాడు.

"నువ్వెక్కడ చూస్తున్నావు సెఫో ఇంతసేపూ? నీ కప్పు వైపే కదా," అన్నాడు మౌగాతై. "చీకటి పడటం గమనించినవాడు ఒక్కడుంటే లేవమనండి, ఇస్తాను."

ఎవరూ లేవలేదు. మౌగాతై కూడా లేవలేదు. ఆ సంగతి రేపు చూద్దామని సభ ముగించారు.

తనియేలు కూతురితో ఇంటికి నడిచాడు. నవ్వంతా దారిలోనే కరిగిపోయింది. గంట మోగలేదు గనక సా రాలేదని వక్త అన్న మాట ఆయన మనసులో ముల్లులా ఉంది. ఒక ముసలివాడు కడ్డీ ఎత్తకపోతే దేవుడి సాయంత్రం ఆగిపోతుందా?

నీలం స్తంభాల మధ్య దీపం వెలుగుతోంది. చాపలు చుట్టి పక్కన పెట్టి ఉన్నాయి. లూపే చిన్నపిల్లలకు అన్నాలు పెట్టేసింది. పాట పాడుకుని, వాక్యం చదువుకుని, ప్రార్థన చేసుకున్నాకే పెట్టానంది.

"గంట కొట్టలేదు కదే," అన్నాడు తనియేలు.

"అయితే? చీకటి పడటం నాకు కనబడదా?" అంది లూపే, గిన్నె అడుగు గరిటెతో గీకుతూ.

మర్నాడు పొద్దున్నే తనియేలు మౌగాతై దగ్గరికి వెళ్లి ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పాడు. చీకటి పడటం గమనించిన మనిషి ఊళ్లో ఉందని, కడ్డీ ఆమెకే ఇచ్చినా తనకు బాధ లేదని చెప్పాడు. బాధ ఉన్నట్టు ముఖంలోనే తెలిసిపోతోంది. మౌగాతై కోకో తాగుతూ ఆలోచించాడు. కడ్డీ ఆ ఇంట్లోనే ఉండాలని, కొట్టేది తనియేలే కొట్టాలని, ఎప్పుడు కొట్టాలో లూపే చెప్పాలని అన్నాడు. సెఫోకు కబురు పంపించి, ఇంటి కప్పు బాగుందని కూడా చెప్పించాడు.

ఆ తర్వాత పెనీనా గీసిన కొత్త కథ వచ్చిన శనివారం ఊరంతా మందిరంలోనే చేరింది, మూడో మోత అయ్యాకే. అందులో పీత తల్లి మళ్లీ వచ్చింది, మళ్లీ పొద్దుగూకే వేళకే. ఈసారి సిలిండరు మోగింది. లాంగి అమ్మమ్మ పక్కన చాప మీద కూర్చుంది, అరచేతుల్లో నిప్పురవ్వలు రాలుతుంటే గుప్పిళ్లు బిగించి, ఒక కన్ను తెరిచి. పీత ఊరి రోడ్డెక్కింది. రోడ్డు పక్కన లవాలవాలు కట్టిన కుర్రాళ్లు చెయ్యెత్తారు. పీత వాళ్ల వైపు చూసింది. తర్వాత ఒక్కో కాలూ మడుచుకుని అక్కడే చతికిలబడింది. మందిరంలో కాపలా కుర్రాళ్లు వేసిన ఈలలకు పందులు బెదిరి పారిపోయాయి.

తెర మూలన బొజ్జ మనిషి ఇంకా నోరు తెరుచుకునే ఉన్నాడు. అయితే ఈసారి ఆయన వెనక ఒక ఆడమనిషి నిలబడి, చేతిలోని గరిటెతో ఆయన నడుం మీద పొడుస్తోంది. పొడిచిన ప్రతిసారీ కడ్డీ సిలిండరుకు తగులుతోంది.

లూపే కళ్లు చిట్లించి దగ్గరగా చూసింది. "ఆ గరిటె నాదే," అంది.