అడ్డం పెట్టిన చెయ్యి

“వో లిఖ్ దేగీ. మేరీ అసిస్టెంట్ హై,” అన్నారు మా ఆయన పేషెంటుతో, మందులు రాసే పని నామీద పెట్టి, గ్లవ్స్ విప్పి బుట్టవైపు విసురుతూ.

అవి బుట్టలో పడలేదు, నా కాళ్ళ దగ్గర పడ్డాయి. వంగి తీసి బుట్టలో వేశాను. పేషెంటు ఉమ్మిన నెత్తుటి మీద నీళ్ళు వదిలాను. చేతులు కడుక్కుని వచ్చి, ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో రాసిచ్చి, ఇవాళంతా పుక్కిలించొద్దు, వేడివి తాగొద్దు అని చెప్పాను. “థాంక్యూ సిస్టర్,” అని వెళ్ళిపోయిందావిడ.

నేను సిస్టర్‌ని కాను. నేనూ పళ్ళ డాక్టర్నే. ఎంట్రన్సు రాసి, గవర్నమెంటు కాలేజీలో సీటు తెచ్చుకుని, బి.డి.ఎస్. చదివినదాన్ని. పెళ్ళిచూపులకి వచ్చినప్పుడు మామగారు రాధాకృష్ణమూర్తిగారు మా నాన్నతో “ఇద్దరూ డాక్టర్లే, కలిసి ప్రాక్టీసు చేసుకుంటారు, ఢిల్లీలో మంచి భవిష్యత్తు” అన్నారు. ఆయన సెంట్రల్ గవర్నమెంటులో అండర్ సెక్రటరీగా రిటైరయ్యారు, ఏ మాటైనా ఆర్డరు కాగితంలాగే ఉంటుంది. ఢిల్లీ పక్కన ఇందిరాపురంలో రోజుకో టవర్ లేస్తున్న రోజులవి. మా ఫ్లాటుకి దగ్గర్లో మార్కెట్లో మేడ మీద క్లినిక్ తెరిచాం. బోర్డు మీద మా ఆయన పేరుతో ‘డాక్టర్ విష్ణువర్ధన్ అండ్ అసోసియేట్స్’ అని రాయించారు. ఆ అసోసియేట్స్‌లో ఉన్నది నేనొక్కదాన్నే. పిల్లల పళ్ళు, ముసలివాళ్ళ కట్టుడు పళ్ళు, గార తీయడం నా పని. పేషెంటు డబ్బున్నవాడిలా కనిపిస్తే నేను ట్రే పట్టుకుని పక్కన నిలబడాలి. పొద్దున్నే వంట చేసి వెళ్ళి, మధ్యాహ్నం వచ్చి అత్తమామలకి వడ్డించి, మళ్ళీ వెళ్ళేదాన్ని. ఒకసారి నా చేతులకి క్లినిక్ వాసన వస్తోందని అత్తగారు అరుంధతిగారు నేను కలిపిన పచ్చడి పక్కన పెట్టేశారు. అదే చేతులతో తోమిన గిన్నెల్లో తినడానికి మాత్రం ఆవిడకి అభ్యంతరం ఉండేది కాదు.

ఎదుటి వరసలో ఒక ఎం.డి.ఎస్. డాక్టరు క్లినిక్ తెరిచాక మా పేషెంట్లు అటు మళ్ళారు. స్పెషలిస్టు అని రాసి ఉంటే చాలు, జనం మెట్లెక్కుతారు. మా ఆయనకి అప్పుడు ఎం.డి.ఎస్. చెయ్యాలనిపించింది. పుస్తకాలు తెప్పించారు. “పొద్దంతా నోళ్ళలోకి చూసి కళ్ళు లాగేస్తున్నాయి. నువ్వు చదువు, నేను వింటాను,” అన్నారు. సాయంత్రాలు ఆయన దీవాన్ మీద వెల్లకిలా పడుకునేవారు. నేను కింద కూర్చుని, ఒళ్ళో చిక్కుడుకాయలు, మోకాళ్ళ మీద పుస్తకం పెట్టుకుని, ఈనెలు తీస్తూ పైకి చదివేదాన్ని. ఎనామిల్ ఎలా ఏర్పడుతుంది, దవడ విరిగితే ఎక్కడ విరుగుతుంది, మత్తుమందు ఏ నరం దగ్గర ఇవ్వాలి, ఇలా ఒక్కొక్కటే. కాసేపటికి ఆయన గురక వినపడేది. నేను ఆపేదాన్ని కాదు. ఎప్పుడో కాలేజీలో వదిలేసిన మాటలు ఒక్కొక్కటే వెనక్కి వస్తుంటే నా గొంతు నాకే కొత్తగా ఉండేది. అత్తగారు వంటింట్లోంచి అనేవారు: “వాడు నిద్రపోయాడుగా, ఇంకా ఎవరికి చదువుతున్నావే? లేచి కుక్కర్ పెట్టు.”

ఎవరికి చదువుతున్నానో నాకు కొన్నాళ్ళకి తెలిసింది. భోజనాల దగ్గర ఆయనకి పెరుగు వేస్తూ, “నేనూ రాస్తానండీ,” అన్నాను.

ఆయన నవ్వారు. కోప్పడి ఉంటే బాగుండేది. “నువ్వా? రా, హాల్లో నాకు తోడుగా ఉంటుంది.”

“సీటొస్తే ఇంట్లో వంటెవరు చేస్తార్రా?” అన్నారు అత్తగారు.

“వస్తే కదమ్మా,” అన్నారాయన.

అలా నాకు అనుమతి దొరికింది. ఒక ప్రైవేటు యూనివర్సిటీ సొంతంగా పెట్టే ఎం.డి.ఎస్. ఎంట్రన్సుకి ఆయన రెండు దరఖాస్తులూ కలిపి పంపారు. ఇంట్లో నమూనా పరీక్షలు రాసేవాళ్ళం. మొదటిసారి జవాబులు సరిచూసుకున్నప్పుడు నావి ఎక్కువ ఒప్పులొచ్చాయి. “గెస్ కొట్టావా?” అన్నారు. రెండోసారీ అంతే. “బట్టీ కొట్టడం ఆడవాళ్ళకి పుట్టుకతో వస్తుంది. చేతిలో పనితనం వేరే,” అన్నారు. ఆ తర్వాత ఆయన నాతో సరిచూసుకోవడం మానేశారు. మర్నాడు క్లినిక్‌లో పేషెంటు ముందు అద్దం సరిగ్గా పట్టుకోలేదని చేతిమీద ఫట్‌మని కొట్టారు. దెబ్బ చిన్నదే. కుర్చీలో నోరు తెరుచుకుని ఉన్న ఆ పెద్దమనిషి కళ్ళు మాత్రం నావైపు తిరిగి, వెంటనే సీలింగు చూశాయి.

పరీక్షకి వారం ముందు అత్తగారు నాకు ఉప్మా వడ్డించారు. ఆవిడ నాకు వడ్డించడం అపూర్వం, అందుకే ఏదో ఉందనుకున్నాను.

“మీ ఇద్దరి నంబర్లూ పక్కపక్కనే వచ్చాయటగా. క్వశ్చన్ పేపరు కూడా అందరికీ ఒకటేనట. నీ పేపరు కాస్త వాడివైపు జరిపి రాయి, అమ్మాయ్. వాడికి ఒత్తిడిలో గుర్తుండదు, చిన్నప్పట్నుంచీ అంతే.”

నేను ఆయనవైపు చూశాను. ఆయన న్యూస్‌పేపరు కిందికి దించలేదు.

“అది తప్పు కదండీ అత్తయ్యా. పట్టుకుంటే ఇద్దరం పోతాం.”

“మొగుడు పెళ్ళాల మధ్య తప్పేంటి? ఎవరికొచ్చినా ఇంటికే కదా వచ్చేది. ఇద్దరికీ వస్తే ఇద్దరూ చదవండి. ఒక్కరికే వస్తే మాత్రం వాడు చదువుకుంటాడు.”

“ఏమండీ, మీరేమంటారు?” అన్నాను.

“నేను అడగలేదే. అమ్మ అడిగింది. నీ ఇష్టం,” అన్నారు పేపరు వెనకనించి.

ఆ వారమంతా ఎవరూ మళ్ళీ ఆ ఊసెత్తలేదు. నేను ఒప్పుకున్నట్టే అందరూ అనుకున్నారు. ఈ ఇంట్లో నా మౌనం ఎప్పుడూ సరేననే అర్థంలోనే చెల్లింది మరి.

పరీక్ష నోయిడాలో ఒక స్కూల్లో. చిన్నపిల్లల బెంచీలు, మోకాళ్ళు తగిలేవి. ఆయన నా ఎడమపక్క వరసలో, ఒక అడుగు వెనక కూర్చున్నారు. పేపరు ఇచ్చారు. చదువుతుంటే నాకు వింతగా అనిపించింది. ప్రతి ప్రశ్నా నా గొంతులోనే వినపడుతోంది, దాని వెనక చిక్కుడుకాయ ఈనె తెగిన చప్పుడు, కుక్కర్ విజిలు. అన్నీ తెలుసు. ఒక్కో చుక్కా పెన్సిల్‌తో నింపుతుంటే ఒంట్లోకి రక్తం కొత్తగా వస్తున్నట్టుంది. వెనకనించి చిన్న దగ్గు. నేను పేపరు జరపలేదు. మళ్ళీ దగ్గు. ఆ రెండో దగ్గుకి నా ఎడమ చెయ్యి వచ్చి పేపరుకి అడ్డంగా పడుకుంది. నేను ఆలోచించి పెట్టలేదు. పెట్టాక తియ్యాలనిపించలేదు. ఆయన బూటు నా బెంచీ కాలిని తన్నింది. ఇంకోసారి తన్నింది. గడ్డం చేతికి ఆనించి రాసుకుంటూ పోయాను.

తన్నడం ఆగింది. ఆయన కూడా రాసుకుంటున్నారేమో అనుకున్నాను.

“ఎక్స్‌క్యూజ్ మీ సర్. దిస్ లేడీ ఈజ్ కాపీయింగ్ ఫ్రమ్ మీ.”

నాకు ముందు ఆ మాట నా గురించని అర్థం కాలేదు. గొంతు గుర్తుపట్టాను. దిస్ లేడీ ఎవరా అని తలెత్తి చూశాను. ఇన్విజిలేటర్ నా ముందు నిలబడి ఉన్నాడు. పేపరు లాక్కున్నాడు. చెయ్యి ఇంకా అలాగే ఉంది, కింద ఖాళీ బల్ల.

“మైనే కుఛ్ నహీ కియా సర్. నేను ఆయన ముందున్నాను, ఆయన పేపర్లోకి ఎలా చూస్తాను?” అన్నాను. హిందీ, తెలుగు, ఇంగ్లీషు కలిసిపోయి ఏం మాట్లాడానో నాకే తెలీదు.

అతను ఇద్దరి హాల్‌టికెట్లూ పక్కపక్కన పెట్టి చూశాడు. “అరే, హస్బెండ్ వైఫ్ హైఁ క్యా?” అన్నాడు పైకి. హాలంతా నవ్వింది. ముందు బెంచీలో అమ్మాయి కూడా వెనక్కి తిరిగి నవ్వింది. ఆయన తల దించుకుని ఉన్నారు, మహా బాధపడుతున్న మనిషిలా. బ్లాక్‌బోర్డు దగ్గర, అందరికీ ఎదురుగా టీచరు బల్ల ముందు నన్ను కూర్చోబెట్టి, రిపోర్టు రాయడం అయ్యాక పేపరు తిరిగిచ్చారు. నింపుతున్న చుక్కలు గీత దాటిపోయాయి. కొన్ని ప్రశ్నలు ముట్టుకోనే లేదు, గంట కొట్టేశారు.

కార్లో ఆయన ఎఫ్.ఎం. పెట్టుకున్నారు.

“ఎందుకలా చేశారండీ?” అన్నాను.

“నువ్వు చెయ్యి అడ్డం పెట్టావు. నాకు కోపం వచ్చింది,” అన్నారు గేరు మారుస్తూ. సిగ్నల్ దాటాక, “ఆకలేస్తోంది. వెళ్ళగానే చారు పెట్టు,” అన్నారు.

చారు పెట్టాను. ఈ మాట ఎవరికి చెప్పినా నమ్మరు, కానీ పెట్టాను. తాలింపు వేస్తుంటే హాల్లో ఆయన వాళ్ళమ్మతో “నా పేపర్లో చూస్తూ దొరికిపోయిందమ్మా” అనడం వినపడింది. ఆవిడకి తెలుసు, ఉప్మా పెట్టి అడిగింది ఆవిడే. అయినా “ఛీ ఛీ, పరువు తీసింది,” అన్నారు. ఆ ఉప్మా పొద్దున అదే బల్ల దగ్గరున్న మామగారు గొంతు సవరించుకున్నారు. ముగ్గురికీ నిజం తెలిసి కూడా ముగ్గురూ ఒకరితో ఒకరు ఆ అబద్ధమే నిజమైనట్టు మాట్లాడుకుంటున్నారు. అప్పటిదాకా వాళ్ళకి నామీద కోపమనుకునేదాన్ని. ఆ మధ్యాహ్నం నాకు భయం వేసింది.

పదిరోజులకి యూనివర్సిటీ నించి పిలుపొచ్చింది, విచారణకి ఇద్దరూ రావాలని. ఆయన ముఖం పాలిపోయింది. మామగారు హాల్లో అందర్నీ కూర్చోబెట్టారు.

“చూడమ్మాయీ, వాడు అబద్ధం చెప్పాడని తేలితే డెంటల్ కౌన్సిల్ దాకా వెళ్తుంది. వాడి ప్రాక్టీసు పోతుంది. నువ్వు ఒప్పుకుంటే రెండేళ్ళు పరీక్ష రాయనివ్వరు, అంతే. నీకు ప్రాక్టీసు లేదు గనక నీకు పోయేదేం లేదు. ‘పొరపాటున చూశాను, క్షమించండి’ అను. ఒకటే వాక్యం. ఈలోగా ఓ బిడ్డని కనేస్తే ఆ రెండేళ్ళూ వృథా కావు.”

నాకు పోయేదేం లేదన్న మాట ఆయన ఎంత మామూలుగా అన్నారంటే, అది నిజమేనేమోనని ఒక్క క్షణం వెతుక్కున్నాను. అమ్మకి ఫోన్ చేశాను. అమ్మ అంతా వింది. “ఒప్పేసుకో తల్లీ. అతని పేరు నిలబడితేనే కదా నీ సంసారం నిలబడేది,” అంది. వెనకనించి నాన్న దగ్గు వినపడింది. ఆయన ఫోన్ తీసుకోలేదు.

విచారణ రోజు పొద్దున అత్తగారు నన్ను పీట మీద కూర్చోబెట్టి తలకి నూనె రాశారు. పెళ్ళయ్యాక అదే మొదటిసారి. వేళ్ళతో కుదుళ్ళ దాకా మెల్లగా మర్దన చేస్తూ, “నా బంగారు తల్లివి. ఇంటి గుట్టు దాటనివ్వవని నాకు తెలుసు,” అన్నారు. ఆ వేళ్ళు హాయిగా ఉన్నాయి. అందుకే ఏడుపొచ్చింది. నేను మెత్తబడ్డానని ఆవిడ ఇంకాస్త నూనె పోశారు.

గదిలో పొడుగాటి బల్లకి అటువైపు ముగ్గురు. మధ్యలో ఒక పెద్దావిడ, ప్రొఫెసరు. ఆయన నాకంటే ముందే మొదలుపెట్టారు. “మేడమ్, షీ ఈజ్ వెరీ సారీ. ఇంట్లో ఒత్తిడి, చదవడానికి టైము దొరకలేదు. భార్య అని ఊరుకుందామనుకున్నాను. కానీ మనసొప్పలేదు.”

ఆవిడ పక్కనున్న పెద్దమనిషి మెచ్చుకోలుగా తలూపాడు. “సొంత భార్య అని కూడా చూడలేదు. ఈ రోజుల్లో ఇంత ఆనెస్టీ ఎక్కడుంటుంది, డాక్టర్ సాబ్!” అన్నాడు. ఆయన వినయంగా తలవంచారు. బల్లకింద ఆయన చెయ్యి నా చేతిమీదికి వచ్చి గట్టిగా నొక్కింది, ఇక చెప్పు అన్నట్టు.

ప్రొఫెసరుగారు కళ్ళజోడు సర్దుకుని నన్ను చూశారు. “బోలో బేటీ. ఆప్‌నే నకల్ కీ థీ?” కాపీ కొట్టావా అని.

మామగారు నేర్పిన వాక్యం నాలిక మీద సిద్ధంగా ఉంది. అది అనేస్తే సాయంత్రానికి ఇంట్లో ఉంటాను. అనకపోతే ఇవాళ రాత్రి ఎక్కడ పడుకుంటానో తెలీదు. అమ్మ తలుపు తీస్తుందో లేదో తెలీదు. తెలీదన్న ఆ ఆలోచన దగ్గర ఆగి చూశాను. తెలిసినదానికంటే అది నన్ను తక్కువ భయపెట్టింది. ఆయన చేతి కిందనించి నా చెయ్యి లాక్కుని బల్ల మీద పెట్టుకున్నాను.

“నహీఁ మేడమ్,” అన్నాను. “ఆ రోజు క్వశ్చన్ పేపరు మీ దగ్గరుంటుంది కదా. అందులో మీకిష్టమొచ్చిన ప్రశ్నలు ఇద్దర్నీ ఇక్కడే, ఇప్పుడే అడగండి. ముందు ఆయన్ని అడగండి.”