చిన్నవ్వ చిక్కుడు విత్తనం

మొదట వాసన.

కుళ్లిన కూరలు, తడిసిన గుడ్డపీలికలు, చచ్చిన కుక్క... ఈ గుజరాతీ ఊళ్లో, మిల్లు పనికి వలసొచ్చిన మా తెలుగువాళ్లుండే గోడాదరాలో, మా సందు చివరి సర్కారు జాగా ముందు ముక్కు మూసుకోకుండా నడిచినవాళ్లు లేరు. ఇరవై ఏళ్లు. అడిగిన నాథుడు లేడు.

ఆ చెత్త మేమే ఎత్తాం.

పన్నెండు మంది ఆడవాళ్లం. మగవాళ్లు మిల్లుకు పోయాక — తట్టలతో, చేతులతో — నలభై రోజులు.

అప్పుడు మట్టి కనిపించింది. నల్లటి మట్టి. అబ్బ, ఎంత మంచి మట్టి!

గోంగూర వేశాం. బీర వేశాం. పక్కింటి చిన్నవ్వ, జగిత్యాల దిక్కు నుంచి కొంగున కట్టుకొచ్చిన చిక్కుడు విత్తులన్నీ నాటేసింది. వాళ్లమ్మ ఇచ్చిన విత్తనం. ఊళ్లో ఇప్పుడు ఎవరి దగ్గరా లేదట.

తీగ పాకింది. కాయ కాసింది. మంచివి పది చూసి చిన్నవ్వ ఎర్ర నూలుపోగు కట్టింది — విత్తనానికి విడిచిన కాయలు, ఎవరూ తెంపొద్దని.

చిన్నవ్వ తన అక్క దినాలకు ఊరికి పోతూ, నెలమాసికం అయ్యాకే వస్తానని నా చెయ్యి పట్టుకుంది.

"ప్రమీలా, పానం లెక్క జూస్కో బిడ్డా. ఎండినంకనే తెంపు."

"నేనున్న గదవ్వా."

నేనున్నాను. నాకో నోరు కూడా ఉంది.

నీళ్లు మోయలేక కుళాయి అడుగుదామన్నది నేనే. నా కూతురు సంధ్యారాణితో గుజరాతీలో అర్జీ రాయించింది నేనే. మొదటి సంతకం నాదే. కొరివితో తల గోక్కున్నాను.

మున్సిపల్ ఆఫీసు సార్లు వచ్చారు. "బహుత్ అచ్ఛా, బెహన్!" అన్నారు. ఫోటోలు దిగారు. టేపుతో కొలిచారు. మేం చాయ్ పోశాం. బిస్కెట్లు కూడా పెట్టాం, సిగ్గులేక.

వారం తిరగకముందే జేసీబీ వచ్చింది.

"గార్డెన్ బనేగా, ఆప్ హీ కే లియే," అన్నాడు డ్రైవర్. మా కోసమే తోట కడతారట.

"గిది గార్డెన్ గాదా? కండ్లు లేవార నీకు?"

అడ్డం పడ్డాను. రెక్క పట్టి పక్కకు లాగారు.

ఒక్క పూట. పందిరి, తీగ, పోగు కట్టిన కాయలు — అన్నీ మట్టి కింద. గోళ్లతో తవ్వితే నలిగిన గింజలు దొరికాయి. పచ్చివి... అవి మొలవవు.

ఇప్పుడక్కడ గడ్డి ఉంది. ఎవరూ తినని గడ్డి. చుట్టూ ఇనుప కంచె. 'ప్రజల సహకారంతో' అని బోర్డు. కుళాయి కూడా వచ్చింది — గడ్డికి.

ఇవాళ పొద్దున చిన్నవ్వ ఫోన్ చేసింది.

"కాయలెండినయా బిడ్డా? ఈడ మా మరదలు గూడ ఇత్తులడుగుతున్నది. నాలుగు గింజలన్న పంపుతనని మాటిచ్చిన."

ఫోన్ ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకున్నాను.

"ఏందే, ఇనవడ్తలేదా?"

"ఎండుతున్నయవ్వా," అన్నాను.

నవ్వింది. ఆదివారం రైలెక్కుతానని సంబరంగా చెప్పింది.

ఇవాళ శుక్రవారం.