నా మీద ఉన్న ఒక్క మనిషి

నేను ఒక రేకు బోర్డును. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, చుట్టూ టేకు చట్రం. ఆదిలాబాద్ అడవుల అంచున ఒక మండల కార్యాలయంలో, తహసీల్దారు గది తలుపు పక్కన ముప్పై ఏళ్ళకు పైగా వేలాడుతున్నాను. నన్ను చదవాలని పనిగట్టుకుని ఎవరూ రారు. సంతకాల కోసం వచ్చినవాళ్ళు, సారు వచ్చేదాకా ఏం చెయ్యాలో తోచక చదువుతారు. సార్లు వేళకు రారు కాబట్టి నాకు ఎప్పుడూ చదువరులకు కొదవ లేదు.

ఏ ఉక్కు కర్మాగారంలో పుట్టానో నాకు గుర్తులేదు. నాకు ఊహ తెలిసింది బస్టాండు పక్కన పెయింటర్ షబ్బీర్ దుకాణంలో. రెండు స్టూళ్ళ మీద నన్ను పడుకోబెట్టి నీలం రంగు రెండు పూతలు వేశాడు. సుద్ద పూసిన దారం లాగి వదిలి గీతలు కొట్టాడు. తర్వాత తెల్ల రంగుతో 'మండల జనాభా వివరములు' అని రాశాడు. రాసేటప్పుడు ప్రతి అక్షరాన్నీ పైకి చదువుకోవడం అతని అలవాటు. అందుకే నా మీద ఏముందో నాకు ఆ రోజునుంచే కంఠతా వచ్చు.

ఎడమ వైపు మొత్తం జనం, ఆడవాళ్ళు, మగవాళ్ళు, చదువుకున్నవాళ్ళు. కుడి వైపు ఎవరెవరు ఎంతమందో. గోండులు పద్నాలుగు వేల పైచిలుకు. ఆ కింద కొలాంలు, ప్రధాన్‌లు, నాయక్‌పోడ్‌లు, లంబాడాలు. వార్ధా నది దాటి వచ్చి స్థిరపడిన మరాఠీవాళ్ళు. ఎప్పుడో సర్కారు తెచ్చి శిబిరంలో దించిన బెంగాలీ కాందిశీకులు. ఒక్క మండలంలో ఇన్ని భాషలా అని కొత్తగా వచ్చిన ప్రతి అధికారీ నా ముందు నిలబడి నోరు తెరుస్తాడు. బదిలీ అయ్యేదాకా అందరి మీదా తెలుగులోనే కేకలేస్తాడు.

అన్నిటికన్నా కింద ఒక వరుస ఉంది. తోటి తెగ, ఎదురుగా సున్న. జిల్లానుంచి వచ్చిన పట్టికలో ఆ పేరు ఉంది కాబట్టి షబ్బీర్ రాశాడు. సున్నను మాత్రం చాలా గుండ్రంగా, ముచ్చటగా దిద్దాడు. ఆ సున్న వల్ల ఒకరికి ఏమవుతుందో అప్పుడు అతనికీ తెలియదు, నాకూ తెలియదు.

ఆత్రం గిర్జాబాయి మొదటిసారి వచ్చిన రోజు కార్యాలయంలో జనం పలచగా ఉన్నారు. యాభై ఏళ్ళుంటాయి. చేతుల నిండా, నుదుటి మీదా పచ్చబొట్లు. ఆ పచ్చబొట్లు పొడవడమే ఆమె వృత్తి అని తర్వాత తెలిసింది. కూతురు వందన పక్క మండలం హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతోంది. తర్వాత నర్సు శిక్షణలో చేరాలని పట్టుదల. బాగా వెనుకబడిన తెగల పిల్లలకు అందులో విడిగా సీట్లున్నాయట. దానికి కుల ధ్రువపత్రం కావాలి.

గుమాస్తా పాండురంగం అర్జీ కాగితం లాక్కుని అడిగాడు. "ఏం తెగ?"

"తోటి, సారూ."

అతను తలెత్తకుండానే పెన్ను నా వైపు చూపించాడు. "మన మండలంల తోటోళ్ళు లేరు బాయీ. బోర్డు చూడు, సున్న ఉన్నది."

ఆమె వచ్చి నా ముందు నిలబడింది. చదువు రాదు గాని సున్నను గుర్తుపట్టింది. వెనక్కి తిరిగి, "మరి నేనెవల్ని సారూ?" అంది.

"నువ్వున్నవు. లెక్కల లేవు."

పాండురంగం చెడ్డవాడు కాదు. ఆమె కదలకపోవడం చూసి మెత్తబడ్డాడు. గొంతు తగ్గించి, "ఒక పని చెయ్. గోండు అని రాసిస్త తీస్కో. అదీ ఎస్టీనే. పిల్లకు ఏదో ఒకటి పనికొస్తది" అన్నాడు.

"గోండులు మా దాతలు సారూ. వాళ్ళ దేవుళ్ళ కథలు మేం పాడాలె. పాడేటోళ్ళం, వాళ్ళ పేరే పెట్టుకుంటే ఇంక ఎవల కథ ఎవలకు పాడుతం?" అని కాగితం వెనక్కి తీసుకుని మడిచి కొంగున కట్టుకుంది. నేను ఇనుప రేకును, సిగ్గుపడటం నా స్వభావంలో లేదు. ఆ రోజు మాత్రం సిగ్గుపడ్డాను.

సున్న ఎలా వచ్చిందో ఆ తర్వాత అక్కడి మాటల్లో అర్థమైంది. పంటలు ఇంటికొచ్చాక ఆమె ఇల్లంతా బయలుదేరుతుంది. మగవాళ్ళు కింగ్రి అనే తీగ వాయిద్యం భుజాన వేసుకుని దాతల ఊళ్ళు తిరిగి, వాళ్ళ వంశదేవతల కథలు పాడతారు. ఆడవాళ్ళు పచ్చబొట్లు పొడుస్తారు. దాతలు ఇచ్చిన గింజలతో హోళీ నాటికి తిరిగొస్తారు. సర్కారువారి జనాభా లెక్క సరిగ్గా ఫిబ్రవరిలో వస్తుంది. లెక్క రాసే పంతులు పోయేసరికి తలుపుకు అడ్డంగా ముళ్ళకంప ఉంటుంది. 'ఖాళీ ఇల్లు' అని రాసుకుని వచ్చేస్తాడు. మొదటిసారీ అంతే, పదేళ్ళ తర్వాతా అంతే. ఇందులో ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో నాకైతే తెలియలేదు.

మరుసటి ఫిబ్రవరిలో మళ్ళీ లెక్క వచ్చింది. దానికి రెండు నెలల ముందు, లెక్క కాగితాలు తీసుకోవడానికి రాథోడ్ సవిత అనే టీచరు వచ్చింది. అదే సమయానికి గిర్జాబాయి నాలుగోసారో ఐదోసారో ధ్రువపత్రం అడగడానికి వచ్చి ఉంది.

"మీ ఊరు నాకే పడ్డది బాయీ. ఫిబ్రవరిల వస్త. ఇంట్ల ఉండుండ్రి, అందర్ని రాస్త" అంది సవిత.

"ఫిబ్రవరిల ఇంట్ల ఎట్లుంటం మేడం? దాతల కాడికి పోవాలె గద."

"ఈ ఒక్క ఏడు పోకుండ్రి."

"పోకపోతే వాళ్ళ దేవునికి కథ ఎవలు చెప్తరు?"

సవిత చేతిలోని సూచనల పుస్తకం తిరగేసింది. అందులో దీనికి జవాబు ఉండి ఉండదు.

ఫిబ్రవరి చివర సవిత కాగితాలు అప్పగించడానికి వచ్చినప్పుడు పాండురంగానికి జరిగిందంతా చెప్పింది. గిర్జాబాయి ఇంట్లో మూడు రోజులు పోట్లాట అయిందట. భర్త దౌలత్‌రావు ససేమిరా అన్నాడు. ముప్పై ఏళ్ళలో ఆమె ఒక్కసారీ తన వెంట రాకుండా ఉండలేదు, ఈసారి పెళ్ళికూతుళ్ళకు పచ్చబొట్లు ఎవరు పొడుస్తారన్నాడు. చివరికి భర్త, ఇద్దరు కొడుకులు, కోడళ్ళు, ముగ్గురు పిల్లలు వెళ్ళారు. గిర్జాబాయి ఒక్కతే ఉండిపోయింది. నీళ్ళకు పోయినప్పుడు టీచరు వచ్చి తిరిగిపోతుందేమోనని పగలంతా గడపలోనే కూర్చుంది. సవితకు ఆ ఊరు ఆఖరున పడింది. ఆమె వెళ్ళేసరికి లెక్క మొదలై పదిహేడో రోజు.

"తొమ్మిది మంది పేర్లు గడగడ చెప్పింది సార్. పసిపిల్ల పేరు గూడ. కాని లెక్క నడిచే ఇర్వై దినాలల్ల ఒక్కసారన్న ఇంట్ల ఉన్నోళ్ళనే రాయాలని మాకు ట్రైనింగ్‌ల చెప్పిన్రు. ఆమెనొక్కదాన్నే రాసిన. 'వాళ్ళు మా ఇంటోళ్ళే మేడం, అబద్ధం చెప్తనా' అన్నది. నాకు ఆ దినం అన్నం సయించలే" అంది సవిత. పాండురంగం కాగితాల కట్టకు దారం మరీ బిగించి కట్టాడు.

లెక్క తేలి జిల్లానుంచి పట్టిక రావడానికి రెండేళ్ళు పట్టింది. ఈలోగా వందన ఇంటర్ పూర్తి చేసి, అంగన్‌వాడీలో పిల్లలకు అన్నం వడ్డిస్తూ కూర్చుంది. గోండు అని రాయించుకుంటే పోయేది గదా అని తల్లితో మాట్లాడటం మానేసిందని విన్నాను.

అప్పటికి గడ్డం నెరిసిన షబ్బీర్ మళ్ళీ వచ్చాడు. పాత అంకెల మీద నీలం పూసి కొత్తవి రాసుకుంటూ కింది వరుసకు వచ్చి ఆగిపోయాడు.

"ఒకటా? ఎక్కడో తప్పు పడ్డట్టుంది, చూడండి సార్."

"తప్పు గాదు. రాయి" అన్నాడు పాండురంగం.

కబురు అందుకుని గిర్జాబాయి ఆ సాయంత్రమే వచ్చింది. పాండురంగం తన కుర్చీలోంచి లేచి వచ్చి చూపించాడు. ఆమె ఆ ఒకటి మీద వేలు పెట్టింది. రంగు ఇంకా ఆరలేదు, వేలికి అంటుకుంది. "ఇది పచ్చిగుంది. మా పచ్చబొట్టయితే పోనే పోదు" అని నవ్వింది. షబ్బీర్ కూడా నవ్వి మళ్ళీ దిద్దాడు.

నా మీద పద్నాలుగు వేల గోండులున్నారు, మూడు వేల బెంగాలీలున్నారు. వాళ్ళలో ఎవరు వచ్చి చూసినా ఇదిగో నేను అని చూపించుకోలేరు. ఆమె ఒక్కతే చూపించుకోగలిగింది. ఇంటివాళ్ళు ఎనిమిది మంది లేకుండా ఒంటరిగా నా మీద నిలబడినందుకు సంతోషించాలో బాధపడాలో తెలియక, ఆమె రెండూ పడింది. నేనూ అంతే.

ఇక ఎవరూ లేరనడానికి కుదరదు కాబట్టి ఆ నెలలోనే వందనకు ధ్రువపత్రం చేతికొచ్చింది. ఇప్పుడు ఎక్కడో ఆరోగ్య ఉపకేంద్రంలో సూదులు వేస్తోంది. గిర్జాబాయి మాత్రం ఏటా హోళీ ముందు దాతల ఊళ్ళనుంచి తిరిగొస్తూ, ఇక్కడ బస్సు మారేటప్పుడు లోపలికి వచ్చి ఒకసారి చూసుకుని పోయేది. పదేళ్ళకు రావలసిన లెక్క రాలేదు. ఒకటి అలాగే ఉండిపోయింది.

నన్ను దించెయ్యమని ఉత్తర్వు వచ్చింది. నా చోట టీవీలాంటి తెర పెడతారట. మొన్న వానాకాలం పోయాక దౌలత్‌రావు ఒక్కడే వచ్చాడు. రేషన్ కార్డులోంచి భార్య పేరు తీయించడానికి. పాండురంగం ఇప్పుడు సూపరింటెండెంటు, రిటైర్మెంటు దగ్గర పడింది. పని తనే చేసిపెట్టాడు. దౌలత్‌రావు పోకుండా నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"గీ ఒకటి గూడ తీసేస్తరా సారూ?"

"తియ్యం దాదా. బోర్డు దింపినా తెర మీద అదే ఉంటది, కొత్త లెక్క అయ్యేదాక."

"ఉండనీ. ఇంట్ల లేదు, గీడనన్న ఉంది."

పాండురంగం కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "మళ్ళ లెక్క వస్తున్నది. అదే ఫిబ్రవరిల" అన్నాడు.

"ఎర్కే సారూ. పోయినసారి ఆమె ఒక్కతే కూసున్నది. నేను కోపం చేసి పోయిన. ఈసారి అందరం కూసుంటం. దాతలకు చెప్పిన, మీ దేవుడు ఆగుతడు గాని లెక్క ఆగదని. 'ముందు పేర్లు రాయించుకోండ్రి, హోళీ అయినంక మేమే బండి కట్టుకొచ్చి తోలుకపోతం' అన్నరు."

"ఎంతమంది అయితరు?"

దౌలత్‌రావు వేళ్ళు ముడుస్తూ పైకి లెక్కపెట్టాడు. కొడుకులు, కోడళ్ళు, మనవలు, కొత్తగా వచ్చిన మనవడి పెళ్ళాం.

"పన్నెండు" అన్నాడు.

పాండురంగం కూడా వేళ్ళ మీద చూసుకుని, "పదకొండే గద దాదా?" అన్నాడు.

దౌలత్‌రావు మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టాడు. ఒక వేలు ముడవకుండా మిగిలిపోయింది. దాన్ని కాసేపు చూసుకుని, "అవు సారూ. పదకొండే" అన్నాడు.