తాండూరు బండి అందే నెలలు

మార్చి ఆఖరి శనివారం గిరీష్ సార్ ఆ మాట చెప్పగానే సింధుజ చెవులకున్న హెడ్‌సెట్ తీసి బల్ల మీద పెట్టేసింది.

"రేపు తెల్లారేసరికి బ్రిటన్‌ల గడియారాలన్నీ గంట ముందుకు జరుగుతయి. సోమవారం నుంచి మనం గూడ గంట ముందు రావాలె, గంట ముందు పోవాలె. అక్టోబరు ఆఖరు దాంక గిట్లనే," అన్నాడాయన.

వికారాబాద్ బస్టాండు వెనక, రెండో అంతస్తులో ఉంది ఆ చిన్న ఆఫీసు. బ్రిటన్‌లోని పళ్ల డాక్టర్లకు వచ్చే ఫోన్లు ఎత్తి, రోగులకు అపాయింట్‌మెంట్లు ఇవ్వడం వాళ్ల పని. అక్కడ పొద్దున క్లినిక్కులు తెరిస్తే ఇక్కడ మధ్యాహ్నం అవుతుంది. చలికాలమంతా రాత్రి పని ముగిసేసరికి తాండూరు పోయే ఆఖరి రైలుబండి వెళ్లిపోయేది. అందుకని సింధుజ హాస్టల్లో ఉండి, పని తక్కువుండే శనివారం సాయంత్రం ఇంటికి పోయి, సోమవారం తిరిగొచ్చేది. ఐదేళ్ల కూతురు లాస్య తాండూరులో నాయనమ్మ బుగ్గమ్మ దగ్గర ఉండేది. ఇప్పుడు గంట ముందు వదిలితే బండి అందుతుంది. రోజూ ఇంటికి పోవచ్చు. దసరా సెలవుల నుంచి సింధుజ ఎదురుచూస్తున్నది ఈ ఆదివారం కోసమే.

పక్క కుర్చీలోని నిరోషా మాత్రం ముఖం ముడుచుకుంది. "నాకేం లాభం సింధక్కా? పొద్దుగాల కుట్టుమిషన్ నేర్చుకోనీకి పోతున్న. ఇంటిపని, వంట, ఈ మిషన్... గంట కోస్తే నేర్చుకునుడే బందయితది. వాళ్లకు సాయంత్రం ఎండ గావాల్నంటె నా పొద్దుగాలే గుంజుకోవాల్నా?"

"నీకు పోయిన గంటనే నాకొస్తున్నది నిరోషా. ఏం జెయ్యమంటవ్?" అంది సింధుజ. అన్నాక బాధపడింది కానీ, లోపల సంతోషం ఆగలేదు.

సోమవారం ఫోన్లన్నీ ఆ గంట గురించే. ఒక పెద్దావిడ వంటింటి గడియారం జరపడం మరిచి, క్లినిక్‌కు గంట ఆలస్యంగా పోయి, చూపించుకోకుండానే తిరిగొచ్చిందట. సింధుజ వేరే రోజు ఇచ్చింది. ఆవిడకు ఫోన్ పెట్టేయాలని లేదు. సాయంత్రం తిన్నాక కూడా వెలుతురుంటుంది, తోటలో కూర్చోవచ్చు, అది బాగుంటుంది అంది. కానీ వారం దాకా నిద్ర సరిగా పట్టదు, గడియారం మార్చిన సంగతి నా ఒంటికి ఎవరూ చెప్పరు కదా అని నవ్వింది. సింధుజ కూడా నవ్వి, కంప్యూటర్ మూలన ఉన్న టైము చూసుకుంది. ఆ రోజు అలా ఎన్నిసార్లు చూసుకుందో లెక్కలేదు.

పని ముగియగానే మెట్లు దిగి పరుగందుకుంది. స్టేషన్లో బండి కదలబోతుంటే ఎక్కింది. ధారూర్ దాటాక గానీ కూర్చోలేదు, తలుపు దగ్గరే నిలబడింది. తీరా ఇల్లు చేరేసరికి లాస్య నిద్రపోతున్నది. లేపబోతే బుగ్గమ్మ వద్దని చేతితో ఆపింది.

"పొద్దుగాల ఒంటిపూట బడి ఉన్నది బిడ్డా. పండుకోనియ్యి."

తెల్లారి జడలు వేసి, పాలు తాగించేలోపే బడి ఆటో వచ్చింది. బడి విడిచి పిల్ల ఇంటికొచ్చేసరికి తల్లి మళ్లీ వికారాబాద్ బండిలో ఉంది. మంగళవారం అంతే. బుధవారం అంతే. ఐదు నెలలు ఎదురుచూసిన గంట చేతికి వచ్చింది గానీ, అందులో పిల్ల లేదు. సింధుజకు ఎక్కడా కాలు నిలవడం లేదు. ఆఫీసులో ఉంటే స్టేషన్ మీద, బండిలో ఉంటే ఇంటి మీద, ఇంట్లో ఉంటే పొద్దుటి ఆటో మీద ధ్యాస.

గురువారం రాత్రి గడపలో మేలుకుని కూర్చున్న లాస్య కనిపించింది. "అమ్మా, నేన్ పండుకోలే!" అని పరుగెత్తుకొచ్చి మెడకు చుట్టుకుంది. ఆ రోజు ఇద్దరూ చాలాసేపు ముచ్చట్లు చెప్పుకున్నారు. మరునాడు కూడా. తర్వాతి వారమంతా అదే వరస. అప్పుడు బడి నుంచి టీచర్ ఫోన్ చేసింది. పిల్ల బల్ల మీద తలపెట్టి నిద్రపోతున్నదట, అన్నం తినేటప్పుడు కూడా తూలుతున్నదట.

ఆ ఆదివారం భర్త మల్లికార్జున్ నోరు విప్పాడు. అతనికి ఊరవతల గొర్రెల మంద ఉంది, రెండెకరాల కంది చేను ఉంది. తెల్లవారకముందే లేవాలి.

"నువ్వు రోజొస్తున్నవు, మంచిదే. గని ఇంట్ల ఎవ్వరికీ నిద్ర లేదు. వారానికొక్కసారి వచ్చినప్పుడే పిల్ల మంచిగుండె."

"అంటె నేను రావొద్దా బావా?"

"రావొద్దంటలేను. పిల్ల ఖరాబైతున్నదంటున్న."

సోమవారం సింధుజ బట్టల సంచి సర్దుకుని పోయి, పాత హాస్టల్లోనే మళ్లీ మంచం అడిగింది. పని ముగిశాక మెట్లు నిదానంగా దిగింది. పరుగెత్తాల్సిన పని లేకపోయినా రెండుసార్లు టైము చూసుకుంది. స్టేషన్ వైపు చూడకుండా పోయి పడుకుంది. నిద్ర రాలేదు. రెండో రోజు కూడా రాలేదు. ఫోన్లో ఒకాయనకు సోమవారానికి బదులు శుక్రవారం రాసి గిరీష్ సార్‌తో మాట పడింది.

మూడో రోజు మధ్యాహ్నం పని మొదలవకముందే బుగ్గమ్మ ఫోన్ చేసింది.

"సింధుజా, నువ్వు వచ్చేటప్పుడు పిల్ల మేల్కొనేది. ఇప్పుడు రాకున్నా మేల్కొంటున్నది. రైలు కూత ఇనవడంగనే లేసి వాకిట్లకు పోతున్నది. ఎట్లైనా నిద్ర లేనప్పుడు నువ్వుంటెనే నయం గద?"

"మరి ఆయనేమంటడు అత్తమ్మా?"

"వాడే నిన్న ఎత్తుకొచ్చి పండవెట్టిండు. ఏమంటడు? ఏమనలే. నువ్వు రా."

ఆ రాత్రి సింధుజ బండి అందుకుంది. స్టేషన్ బయట మల్లికార్జున్ బైకు మీద ఉన్నాడు, ముందు ట్యాంకు మీద లాస్య. సింధుజ వెనక ఎక్కి కూర్చుని అతని భుజం పట్టుకుంది.

మరునాటి నుంచి అత్తాకోడళ్లు కలిసి పిల్ల రోజును మార్చారు. బడి నుంచి రాగానే అన్నం పెట్టి, ఎండ తగ్గేదాకా పడుకోబెట్టడం బుగ్గమ్మ వంతు. మొదటి రెండు రోజులు పిల్ల మంచం మీద పొర్లి పొర్లి లేచిపోయింది. తర్వాత అలవాటుపడింది. రాత్రి తల్లి వచ్చాక ఇద్దరూ తినేవాళ్లు. పిల్ల మంచాన్ని లోపలి గదిలోకి మార్చడంతో మల్లికార్జున్ నిద్ర కూడా కుదురుకుంది. ఎండాకాలం సెలవులు అట్లా గడిచాయి.

జూన్‌లో నిండుపూట బడి వచ్చింది. మధ్యాహ్నం నిద్ర పోయింది. సింధుజ మళ్లీ భయపడింది. కానీ ఈసారి పిల్ల ఎనిమిదింటికే పడుకుంటున్నది. "మా అమ్మ పొద్దుగాల ఉంటది," అని నాయనమ్మకు తానే చెప్పిందట. పొద్దున ఆ కాస్త సమయంలోనే జడలు, ఎక్కాలు, అలకలు అన్నీ అయ్యేవి.

సెప్టెంబరు దాటాక సింధుజకు మళ్లీ కాలు నిలవలేదు. అక్టోబరు ఆఖరున వాళ్ల గడియారాలు వెనక్కి పోతాయి, బండి మళ్లీ తప్పిపోతుంది. మళ్లీ హాస్టల్. ఒక రోజు తినకుండా డబ్బా అట్లాగే పక్కన పెట్టి నిరోషాను అడిగింది.

"ఫోన్లు మొదలు గాకముందు ఈ-మెయిళ్లకు జవాబులు రాసేది ఉంటది గద, అది రోజూ నేనే చేస్త. గంట ముందే వస్త, గంట ముందే పోత. ఆఖరి గంట ఫోన్లు నువ్వు పడుతవా?"

నిరోషా హెడ్‌సెట్ తీసి ఆమె వైపు తిరిగింది. "నా పొద్దుగాల నాకుంటది గద?"

"ఉంటది."

"అయితె నాకేం ఫికర్ లేదు. మా ఇల్లు గీ గల్లీలనే. సార్‌ను ఒప్పించుడు మాత్రం నీ పని."

గిరీష్ సార్ ఒక్కసారికి ఒప్పుకోలేదు. అందరూ గిట్లనే అడిగితే ఎట్లా అన్నాడు. సింధుజ వరుసగా నాలుగు రోజులు అడిగింది. చివరికి నెల రోజులు చూద్దామన్నాడు, ఒక్క ఫోన్ పోయినా పాత పద్ధతే అన్నాడు.

గడియారాలు మారిన మరునాడు, సోమవారం, ఆమె కుర్చీలోంచి లేచేసరికి నిరోషా ఫోన్లో మాట్లాడుతూనే పొమ్మని చెయ్యి ఊపింది. సింధుజ పరుగెత్తుతూ స్టేషన్ చేరింది. ఆ రోజు బండే ఆలస్యం. ప్లాట్‌ఫాం మీద ఆ చివర నుంచి ఈ చివరకు నడుస్తూ ఇంటికి ఫోన్ చేసింది.

"పండుకున్నదా?"

"ఎప్పుడో పండుకున్నది," అన్నాడు మల్లికార్జున్. "నిమ్మలంగ రా. స్టేషన్ కాడ ఉంట."