మంగతాయారు చేతిలో లివరు

నేను ఒక కట్టెలు చీల్చే మిషనుని. పేరేమిటని అడక్కండి, పేర్లు కంపెనీల్లో పుట్టినవాళ్ళకి. నేను పెద్దాపురం రోడ్డులో కరీముల్లా మేస్త్రీ లేతు షెడ్డులో పుట్టాను. నా ఒంట్లో అంతా ఒక్క చోటి ఇనుమైతే ఒట్టు. వరిచేలకి నీళ్ళు తోడి తోడి విసిగిపోయిన డీజిలింజను నా గుండెకాయ. ఇసుక ఎత్తిపోసిన టిప్పరు లారీ జాకీ నా కండ. పన్ను మాత్రం ఒక్కటే. పాత రోడ్డు రోలరు ఇనుముని కాల్చి, సాగగొట్టి, నూరి మరీ పెట్టాడు కరీముల్లా. ఒక్క పన్నుతో ఇంత తిండి తిన్నదాన్ని ఈ చుట్టుపక్కల ఇంకొకదాన్ని చూపించండి చూద్దాం.

నన్ను చేయించుకున్నది భూలోకం. అతనికి కట్టెల అడితి ఉండేది. నాకు ముందు మొద్దులన్నీ అతనే గొడ్డలితో చీల్చేవాడట. చింత మొద్దు అంటే తెలుసుగా, లోపల నారంతా మెలితిరిగి ఉంటుంది, సమ్మెట దెబ్బకి కూడా జంకదు. అలాంటివాటితో కుస్తీ పట్టి పట్టి అతని భుజం పాడైపోయింది. ఒకరోజు అన్నం ముద్ద నోటిదాకా ఎత్తలేక కంచంలోకి వంగి తింటుంటే అతని భార్య మంగతాయారు చూసింది. మర్నాడు తెల్లారేసరికి ఆవిడ లేతు షెడ్డు ముందు నిలబడి ఉంది. "మా మావ తల పైకెత్తుకుని అన్నం తినాలి, దానికేం సేత్తావో సెయ్యి" అని కరీముల్లాతో చెప్పిందట. మేస్త్రీ నవ్వి, ఇనపరేకు మీద సుద్దముక్కతో ఏదో గీశాడు. ఆ గీతే నేను. ఎంత పెద్ద యంత్రమైనా ఒక మనిషి మీద బెంగతో పుట్టానని చెప్పుకోగలదా? నేను చెప్పుకోగలను, అందుకే కొంచెం పొగరు.

మా పని పద్ధతి చెబుతాను. మొద్దు నా బల్లమీద పెట్టేది భూలోకం. లివరు లాగేది మంగతాయారు. లాగగానే జాకీ ముందుకొస్తుంది, పన్ను మొద్దులోకి దిగుతుంది, పేళ్ళు రెండుపక్కలా పడతాయి. నా మోతలో మాటలు వినపడవు కనుక ఇద్దరూ ఒక గుర్తు పెట్టుకున్నారు. మొద్దు సర్దాక భూలోకం రెండు చేతులూ ఎత్తి నెత్తిమీద పెట్టుకోవాలి. అది చూశాక గానీ ఆవిడ లివరు లాగదు. రోడ్డున పోయేవాళ్ళకి ఇది విడ్డూరంగా ఉండేది. "యాపారం సేసే సోట నెత్తిన సేతులెట్టుకుంటారేంట్రా, లచ్చిందేవి గుమ్మంలోంచే ఎనక్కి పోద్ది" అని ఒక పెద్దాయన రోజూ ఆగి మరీ తిట్టేవాడు. భూలోకం ఆయనకి దణ్ణం పెట్టి, ఆ దణ్ణం పెట్టిన చేతుల్నే మళ్ళీ నెత్తికెక్కించేవాడు. లక్ష్మి సంగతి నాకు తెలియదు కానీ గిరాకీ మాత్రం ఏ రోజూ వెనక్కి పోలేదు.

మనుషుల తీరు మీద నాకు చిన్న ఫిర్యాదు ఉంది. పెళ్ళిలో పులిహోర బాగుంటే వంటమేస్త్రీని పొగుడుతారు. మేస్త్రీ సిగ్గుపడుతూ అంతా పొయ్యి సెగ మహిమ అంటాడు. సెగ దాకా వచ్చినవాడు ఇంకో అడుగేసి కట్టె దాకా రాడు, కట్టె దాకా వచ్చినా నా దాకా అసలు రాడు. ఏడాది పొడుగునా నా మాట ఎవరికీ గుర్తుండదు. దసరాకి మాత్రం ఒంటినిండా పసుపు, బొట్లు, మెడలో బంతిపూల దండ. అందరూ గుమ్మడికాయని నేలకేసి కొడతారు, భూలోకం మాత్రం నా బల్లమీదే పెట్టి నాచేతే చీల్పించేవాడు. నా దిష్టి నేనే తీసుకోవాలన్నమాట. అయినా ఆ పూట గింజలూ కుంకుమా ఒళ్ళంతా చిమ్మించుకుని నిలబడితే భలే గర్వంగా ఉండేది.

ఇలా హాయిగా నడిచిపోతున్న కాలంలో భూలోకం ఎడమ చెయ్యి మాట వినడం మానేసింది. పాత భుజం నొప్పే చేతిలోకి దిగి తిమ్మిరిగా మారిందో ఏమో, ఆ చేతికి స్పర్శ తగ్గిపోయింది. ఒకరోజు పెద్ద మామిడి మొద్దు పెట్టి, అలవాటు ప్రకారం చేతులెత్తాడు. ఎత్తాననే అనుకున్నాడు. కుడి చెయ్యి నెత్తిమీదే ఉంది. ఎడమ చెయ్యి ఇంకా మొద్దు మీదే, సరిగ్గా నా పన్ను ముందు. అతను దర్జాగా రోడ్డుకేసి చూస్తున్నాడు.

మంగతాయారు అప్పటికే లివరు మీద చెయ్యి వేసింది.  లాగలేదు. ఇంజను ఆపి, "మొద్దు వంకరగా ఉంది, సరిగ్గా ఎట్టు" అంది. అతను సర్దాడు. ఏం జరగబోయిందో అతనికి తెలియదు. ఆవిడ చెప్పలేదు. చెబితే, నీ చేతి పని అయిపోయింది మావా అని మొహం మీదే అన్నట్టవుతుందని భయం.

ఆ సాయంత్రమే, "మిషను అమ్మేద్దాం మావా" అంది.

"ఎందుకే?"

"ఎవడు కొంటన్నాడు కట్టెలు? అందరూ గ్యాసు."

భూలోకం అమాయకుడు. భార్యకి గిరాకీ లేదన్న దిగులు పట్టుకుందని నమ్మేశాడు. మర్నాడు సైకిలేసుకుని ఊరంతా తిరిగి, హైవే మీద కొత్తగా పెట్టిన కట్టెల పొయ్యి బిర్యానీ హోటలు నుంచి ఖాతా పట్టుకొచ్చాడు. ఆవిడ మొహం మాడిపోయింది. డీజిలు రేటు మండిపోతోందంది. హోటలువాడు రోజూ డీజిలు తనే పోయిస్తానన్నాడని రెండోరోజు వార్త తెచ్చాడు. మోతకి పక్కవాళ్ళు తిట్టుకుంటున్నారంది. పక్కింటాయన్ని వెంటబెట్టుకొచ్చి, మాకేం ఇబ్బంది లేదమ్మా అని ఆయన నోటితోనే చెప్పించాడు. పాపం, ఆవిడని సంతోషపెడుతున్నాననుకుంటూ ఒక్కో తలుపే మూసుకుంటూ వచ్చాడు. ఈలోగా పని పెరిగింది. ఆవిడ ఒక్కో మొద్దుకీ ఆ ఎడమ చేతిని కళ్ళతో వెతుక్కుని, అది పైకి లేచేదాకా కాచుకుని, అప్పుడు లాగేది. లేవకపోతే మొద్దు వంకర అనేది. ఆ నెలలో వంకర లేని మొద్దు మా అడితికి రానేలేదు.

కామేశం అని మండపేట పెళ్ళివంటల మేస్త్రీ ఉండేవాడు. మా దగ్గరే కట్టెలు కొనేవాడు. నా మీద ఎప్పటినుంచో కన్నుంది. ఆవిడ కబురు పెట్టగానే వచ్చేశాడు. "నాకివ్వు భూలోకం, నేనూ మా బామ్మర్దీ చూసుకుంటాం. పేళ్ళు నీకే పంపిస్తాను, కూర్చుని అమ్ముకో" అన్నాడు. భూలోకం నన్ను చూశాడు, ఆవిడని చూశాడు. జీవితంలో మొదటిసారి భార్య మీద గట్టిగా అరిచాడు.

"నా భుజం బాగుసేసిన మిషనే అది! నీకేం ద్రోహం సేసిందని దాన్ని పంపించేత్తానంటావ్?"

కామేశం అరుగు చివరికి జరిగి కండువాతో మొహం తుడుచుకున్నాడు.  మంగతాయారు అతని ఎడమ చేతిని పట్టుకుని, వేళ్ళు గట్టిగా నొక్కింది.

"తెలుత్తందా మావా?"

భూలోకం తెలుస్తోందని చెప్పబోయాడు. అబద్ధం ఆడటం చేతకాక ఆగిపోయాడు.

"నువ్వు ఎత్తేననుకుంటావ్. అది ఎత్తదు. మొద్దు మీదే ఉండిపోద్ది" అని ఆవిడ ఏడ్చేసింది. "మొద్దులేం వంకర లేవు మావా. ఒక్కటీ లేదు."

భూలోకం అరుగు మీద కూలబడ్డాడు. కాసేపటికి తేరుకుని, మనిషి కదా, దారి వెతకడం మొదలెట్టాడు. కూలీని పెడదామన్నాడు. "నీ సేతులైతే నాకు కంటపాఠం. ఇంకోడి సేతులు నాకేం తెలుసు, నేను లాగలేను" అందావిడ. అయితే తారుమారు చేద్దామన్నాడు. కుడి చెయ్యి బానే ఉంది, లివరు తను లాగుతాడు, మొద్దులు ఆవిడ పెట్టొచ్చు. ఇంత సులువైన ఉపాయం ఇన్నాళ్ళూ తట్టనందుకు తనే నవ్వుకుంటూ లేచి ఇంజను హ్యాండిలు తిప్పాడు.

ఆవిడ తుమ్మ మొద్దు తెచ్చి పెట్టింది. సర్దింది. రెండు చేతులూ ఎత్తి నెత్తిమీద పెట్టుకుంది. భూలోకం లివరు పట్టుకున్నాడు.

లాగలేదు.

ఆవిడ చేతులు స్పష్టంగా కనిపిస్తున్నాయి, నెత్తిమీదే ఉన్నాయి, గాజులతో సహా. అయినా "తీసేవా?" అని అరిచాడు. ఆవిడకి వినపడలేదు కానీ పెదాలు చూసి తలూపింది. మళ్ళీ పట్టుకున్నాడు. మళ్ళీ వదిలేశాడు. "కొంచెం ఎనక్కి జరుగు" అని చేత్తో సైగ చేశాడు. జరిగింది. ఇంకా జరగమన్నాడు. ఆవిడ వెళ్ళి వెళ్ళి పేళ్ళ గుట్టకి ఆనుకుంది. మొద్దుకీ మనిషికీ మధ్య ఎద్దుబండి తోలుకెళ్ళొచ్చు. అప్పటికీ అతని చెయ్యి రాలేదు. చెమటతో లివరు జారిపోతోంది. గొడ్డలితో చింత మొద్దుల్ని పగలదీసిన మనిషి, పిడికెడు ఇనుప కమ్మీ లాగలేక ఇంజను ఆపేశాడు.

అంత నిశ్శబ్దంలో అతని గొంతు వింతగా వినిపించింది.

"ఇన్నేళ్ళూ ఇలాగే లాగేవా మంగా?"

"ఆ."

"పెతీసారీ ఇలాగే ఉండేదా?"

"మొదట్నుంచీ" అంది ఆవిడ, ఇదేం ప్రశ్న అన్నట్టు. "అలవాటవుద్దనుకున్నాను. అవలేదు."

భూలోకం కామేశం వైపు తిరిగి, "రేపు లారీ తెచ్చుకోండి మేస్త్రీగారూ" అన్నాడు.

ఇప్పుడు నేను మండపేటలో ఉన్నాను. బాగానే చూసుకుంటున్నారు, ఆయిలు వేళకి మారుస్తున్నారు. ఇక్కడ కూడా నన్ను నమ్మకమైన మిషనంటారు. వెనకటికైతే ఆ మాటకి ఉబ్బిపోయేదాన్ని. ఇప్పుడు నిజం తెలుసు. నాకున్నది బలం ఒక్కటే, ఏది ముందుంటే దాన్ని చీలుస్తాను. మొద్దుకీ చేతికీ తేడా నాకెప్పుడూ తెలియదు. ఆ తేడా తెలిసిన మనిషి లివరు పట్టుకోబట్టి నాకు మంచిపేరు వచ్చింది. అది ఆవిడ పెట్టిన భిక్ష. నోరుంటే ఇక్కడికి వచ్చేముందే ఆవిడకి చెప్పి ఉండేదాన్ని.

లారీ వచ్చిన రోజు గురించి చెప్పి ముగిస్తాను. కామేశం బామ్మర్ది జాగ్రత్తపరుడు. నా చుట్టూ తిరిగి, బోల్టులు తట్టి, జాకీ కింద ఆయిలు కారుతోందేమోనని వేలితో తుడిచి చూశాడు. "బాబాయ్, మిషను నమ్మకమైందేనా? రిపేర్లు గట్రా ఏమైనా ఉన్నాయా?" అనడిగాడు.

భూలోకానికి నా గురించి మాట్లాడటమంటే ఇష్టం, మామూలుగా అయితే పూట గడిచేది.  ఆ రోజు మాత్రం పక్కనున్న మంగతాయారు చేతులు పట్టుకుని తెచ్చి నా బల్లమీద పరిచాడు. వాటి పక్కనే తన చేతులు పరిచాడు. కుడి చేత్తో ఎడమచేతి వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి సర్దాడు.

"లెక్కెట్టుకో" అన్నాడు. "ఇన్నేళ్ళ పని. ఇద్దరియ్యీ అన్నీ ఉన్నాయి."

ఆ కుర్రాడు నిజంగానే లెక్కపెట్టాడు. చివరి వేలి దగ్గర ఆగి, "ఇరవై" అన్నాడు.

"సాల్లే మావా, అందరూ సూత్తన్నారు" అంది మంగతాయారు. అందే కానీ చేతులు తీయలేదు. అతనూ తీయలేదు. తాళ్ళు పట్టుకున్నవాళ్ళు లారీ పక్కనే నిలబడి ఉన్నారు. సరిగ్గా నా పన్ను ముందు, ఆ నాలుగు చేతులూ అలాగే ఉన్నాయి. ఎవరూ తీయమనలేదు.