ఇద్దరికీ ఒకే కషాయం

మూడు నెలలుగా నా ఒళ్లు తడిసిన బస్తాలా ఉంది. అన్నం ముందు కూర్చుంటే ఆకలుండదు, పక్క మీద వాలితే నిద్రుండదు. పక్కటెముకల కింద ఎవరో బిరడా బిగించినట్టు ఉంటుంది. మా అత్తగారు దీనికి బద్ధకమని పేరు పెట్టింది. సరిగ్గా ఏడాదికి సరిపడా ఆవాకు ఎండబెట్టే రోజుల్లోనే వస్తుందని కూడా కనిపెట్టింది. డాక్టరు నోట జబ్బు అనే మాట ఆవిడ చెవిన పడితే ఓ వారం నడుం వాల్చవచ్చని నా ఆశ. అందుకే నాడి చూసి మూలికలిచ్చే ఔయాంగ్ డాక్టరు దగ్గరికి ఆవిణ్ణి వెంటబెట్టుకుని వెళ్లాను.

షావోషింగ్ ఊళ్లో ఆయన గది ముందు ఎప్పుడూ బారే. మా వంతు వచ్చాక మూడు వేళ్లు నా మణికట్టు మీద ఆనించి, నాడి తీగలా బిగిసి ఉందన్నాడు. నాలుక అంచున పళ్ల గుర్తులు చూశాడు. కాలేయంలో ప్రాణశక్తి కదలక నిలిచిపోయిందట, దాని దెబ్బకి ప్లీహం నీరసించిందట.

"ఏళ్ల తరబడి కోపం మింగితే ఇంతేనమ్మా. ఎవరి మీద?"

నేను గోడ మీది క్యాలెండరు చూశాను. అత్తగారు నన్ను చూసింది. ఆ సంగతి అంతటితో ఆపాలనేమో, తన చెయ్యి కూడా చాపింది. అదే నాడి, అదే నాలుక.

"మీకెవరి మీదండీ?"

"మా అత్తగారి మీద. ఆవిడ పోయి ముప్పై ఏళ్లయింది లెండి."

ఇద్దరికీ ఒకే మందు రాశాడు. దాని పేరుకి అర్థం దిగులు లేని షికారు. అరగంట నానబెట్టి, రెండుసార్లు కాచి, కలిపి వడకట్టాలి. అంటే షికారు వంటింట్లోనే. రోగులు పొయ్యి దగ్గర నిలబడొచ్చా అని అమాయకంగా అడిగాను. ఇంట్లో ఇంకెవరూ లేరా అన్నాడాయన. అలా ఆ పని మా ఆయన యోంగ్షెన్ మీద పడింది.

ఆదివారం ఆయన మట్టికుండ పొయ్యి మీద పెట్టాడు. మేమిద్దరం సోఫాలో కూర్చున్నాం. పది నిమిషాల్లో ఇల్లంతా పుదీనా వాసన. మందులోని పుదీనా ఆఖరి అయిదు నిమిషాల్లో వెయ్యాలి, ముందే వేస్తే సారం పోతుంది. డాక్టరు దాన్ని విడిగా పొట్లం కట్టిచ్చినా మా ఆయన అన్నీ ఒకేసారి కుమ్మరించాడు. అత్తగారు ఉలిక్కిపడి లేవబోయింది. నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.

"కూర్చోండి అత్తయ్యా. మనకి జబ్బు."

ఆవిడ వంటింటి వైపు ఓసారి చూసింది. తర్వాత కాళ్లు సోఫా మీదకి లాక్కుని, దుప్పటి సగం నా వైపు తోసింది.