తారాబాయి గీత పెట్టిన పదాలు

చనిపోయిన బిడ్డ బొంతకు భార్య భీమవ్వ పెరట్లో నిప్పు పెట్టినప్పుడు గాని రాజనర్సు పంతులుకు ఆ పుస్తకం గుర్తు రాలేదు.

"అమ్మవారు పోసిన పొల్ల ముట్టిన పేలిక ఒక్కటి మిగలొద్దు," అంటోంది భీమవ్వ.

ఆయన చెప్పులైనా తొడుక్కోకుండా బస్సుల అడ్డాకు పరుగెత్తాడు.

అది పదాల పుస్తకం. వెలుతురుతో కాకుండా ఎలక్ట్రాన్లతో చూసే కొత్త సూక్ష్మదర్శిని జర్మనీలో తయారైందని, మామూలు యంత్రానికి అందని రోగపు నలుసులు కూడా అందులో కనబడుతున్నాయని పత్రికల్లో చదివి, దాని సంగతులకు తెలుగు మాటలు కూర్చాలని నిజామాబాదులో ఆయన, బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో రసాయన పరీక్షలు చేసే ఆత్మారాం పూనుకున్నారు. ఏడాదిన్నరగా పుస్తకం ఇద్దరి మధ్య బస్సులో తిరుగుతోంది. కట్టుబాటు ఒకటే. కొత్త మాటను ఇంట్లో శాస్త్రం చదవని మనిషికి వినిపించాలి. మళ్లీ అడగకుండా అర్థమైతే ఆ మనిషే పక్కన గీత పెట్టాలి.

రాజనర్సు ఇంట్లో ఆ మనిషి తొమ్మిదేళ్ల తారాబాయి. మశూచి జ్వరంలోనూ వినిపించమనేది. పుస్తకాన్ని పొట్టమీద పెట్టుకుని, పొక్కులు చిట్లిన వేళ్లతో గీతలు పెట్టింది.

ఆమె పోయిన మూడోనాడు ఆ గీతలు చూడలేక, 'బిడ్డ పోయింది' అని రెండు ముక్కలు రాసి పుస్తకాన్ని బోధన్‌కు పంపేశాడు. రోగం పేరు రాయలేదు. అక్కడ మాటలు వినేది ఆత్మారాం భార్య సుమిత్రమ్మ. ఆమె ఒళ్లో మూడు నెలల పాప. ఇంకా టీకా వేయించలేదు.

"జర ఉరికించు సాయన్నా!" అన్నాడు బోధన్ బస్సు డ్రైవరుతో.

"ఎట్ల ఉరికియ్యాలె పంతులూ? ముంగట చెరుకు బండ్లు పెండ్లికి పోయినట్టు పోతున్నయ్!"

చివరి మైలు దిగి పరుగెత్తాడు. ఆత్మారాం ఇంటి వాకిట్లోనే ఆగిపోయి అరిచాడు. "మశూచి పుస్తకమది! ఎవరు ముట్టిండ్రు?"

ఆత్మారాం తల్లి భూమవ్వ కట్టె పట్టుకుని వచ్చింది, వెనకే ఆత్మారాం. "సావు జరిగిన ఇంటి పుస్తకం, మైల తీరందే ఇంట్లకు ఎట్ల రానిస్త బిడ్డా? వీడు పట్టుకొస్తె బయటనే నిలవెట్టి తానం చేయించిన. పుస్తకాన్ని కట్టెతోటి ఎత్తి కొట్టం చూరుల చెక్కిన. రెండ్రోజుల సంది నాతోటి కొట్లాటే."

"చాదస్తమని తిట్టిన, అన్నా," అన్నాడు ఆత్మారాం నేల చూస్తూ.

రాజనర్సు కొట్టం చూరు వైపు చూశాడు. "కాల్చాలె," అన్నాడు.

"ఏడాదిన్నర పనన్నా! మాటలన్న ఎత్తి రాసుకుంట."

"తెరవద్దు."

"బిడ్డ పెట్టిన గీతలున్నయా దాంట్ల?" అని మెల్లగా అడిగింది భూమవ్వ.

"ఉన్నయ్ అవ్వా."

భూమవ్వ చెరుకు పిప్పి కుప్పవేసి, దానిమీదికి పుస్తకాన్ని కట్టెతో జార్చి నిప్పు పెట్టింది. వేడికి అట్ట వంకరపోయి పుస్తకం తనంతట తానే తెరుచుకుంది. వంకర పెన్సిలు గీతలున్న పుట ఒకటి పైకి లేచింది. రాజనర్సు చేయి ముందుకు పోయింది. భూమవ్వ కట్టె ఆ చేతికి అడ్డంపడింది.

లోపల పాప ఏడ్చింది. ఆయన కట్టెను ఆమె చేతిలోంచి తీసుకుని, ఆ పుటను తానే నిప్పులోకి నెట్టాడు.